నల్లమలలో రెండు రాత్రులు: పన్నెండు మంది కలిసి వన్యప్రాణులను చూడటానికి వెళ్లే పద్ధతి

అడవికి గుంపుగా వెళ్దామని ఎవరైనా సలహా అడిగితే, వాళ్లు ముందుగా అడిగేది "పులి కనిపిస్తుందా?" అని. నేను ముందుగా అడిగేది "ఎంతమంది వెళ్తున్నారు?" అని. మన మాటలు, మన వాసన, మన బట్టల రంగు, మన వంటపొగ మనకంటే ముందే అడవిలోకి వెళ్లిపోతాయి. ఒక్కడే వెళితే ఒకరి అలికిడి, పన్నెండు మంది వెళితే పన్నెండు మంది అలికిడి. కాబట్టి గుంపుగా వెళ్లేవారు సిద్ధం చేసుకోవలసిన మొదటి సామాను నిశ్శబ్దం. ఎక్కడ దిగాలి, ఏం వండుకోవాలి, ఎప్పుడు నిద్రలేవాలి అనేవన్నీ దాన్ని పట్టుకునే తేల్చుకోవాలి.

ఇక్కడ చెప్పేదంతా నల్లమలను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. 1983లో ఇది పులుల అభయారణ్యమైంది. రాష్ట్ర విభజన తర్వాత కృష్ణకు ఉత్తరాన తెలంగాణలో అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా (సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు), దక్షిణాన ఆంధ్రప్రదేశ్‌లో నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంగా (3,700 చదరపు కిలోమీటర్ల పైచిలుకు) రెండు పాలనల కిందకు వచ్చింది. జంతువులకు ఆ గీత తెలియదు. అనుమతులు అడిగే మనకు మాత్రం తెలిసి ఉండాలి.

మొదటి అడుగు: గుంపును తేల్చుకోండి

పన్నెండు మందికి మించవద్దు. అంతకంటే ఎక్కువమంది ఉంటే రెండు జట్లుగా రెండు వేర్వేరు వారాల్లో వెళ్లండి. ఒకసారి ఇరవై ఇద్దరం వెళ్లాం. రెండు రోజుల్లో మాకు కనిపించినవి కొండముచ్చుల వీపులు, దూరంగా పొదల్లోకి దూకే దుప్పుల తోకలు. తప్పు అడవిది కాదు. భోజనం దగ్గర ఇరవై ఇద్దరు కూర్చుంటే లేచే సందడి అర కిలోమీటరు వినిపిస్తుంది.

ఆరుగురి చొప్పున రెండు చిన్న జట్లు చేయండి. ఒక్కో జట్టుకు ఒక పెద్ద ఉండాలి. ఆ పెద్ద చేయి ఎత్తితే అందరూ ఆగాలి, వేలు పెదవులపై పెడితే మాట ఆగాలి, అరచేయి కిందికి దించితే కూర్చోవాలి. ఈ మూడు సైగలు ఇంటి దగ్గరే, బయలుదేరడానికి ముందే సాధన చేయించండి. పిల్లలు వీటిని పెద్దలకంటే త్వరగా నేర్చుకుంటారు, పైగా పెద్దలు మరిచిపోతే గుర్తు చేస్తారు కూడా. రెండు గంటలు కదలకుండా కూర్చోలేని చిన్నపిల్లలుంటే వారిని సఫారీకి తీసుకెళ్లండి, మంచె మీదికి వద్దు.

బాధ్యతలు ముందే పంచండి. నీళ్లు ఒకరు, మందుల పెట్టె ఒకరు, చెత్త ఒకరు, సమయం ఒకరు చూసుకోవాలి. చెత్త బాధ్యత ఎప్పుడూ గుంపులో అందరూ గౌరవించే మనిషికి ఇవ్వండి. ఆయన స్వయంగా వంగి కాగితం ఏరితే మిగిలినవారికి చెప్పవలసిన పని ఉండదు.

రెండో అడుగు: కాలాన్ని ఎంచుకోండి

వానాకాలంలో, సాధారణంగా జూలై నుంచి సెప్టెంబరు చివరి వరకు, పులుల అభయారణ్యాల్లో పర్యటనలు నిలిపివేస్తారు. అక్టోబరులో అడవి పచ్చగా, ఒత్తుగా ఉంటుంది. కళ్లకు పండుగే గానీ పది గజాల దూరంలో ఉన్న జంతువు కూడా కనిపించదు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు గుడారాల్లో ఉండటానికి హాయిగా ఉంటుంది, డిసెంబరు రాత్రుల్లో చలి గట్టిగానే ఉంటుంది. ఫిబ్రవరి దాటితే ఆకు రాలుతుంది. నల్లమలది ఆకురాల్చే అడవి కాబట్టి మార్చి వచ్చేసరికి చెట్ల మధ్య చూపు చాలా దూరం పోతుంది. వాగులు ఎండిపోతాయి, మిగిలిన నీటి గుంటల దగ్గరికి, అటవీశాఖ ట్యాంకర్లతో నింపే సాసర్ పిట్ల (పళ్లెంలాంటి లోతు తక్కువ నీటి తొట్ల) దగ్గరికి జంతువులన్నీ వస్తాయి. జంతువులను చూడటమే ముఖ్యమనుకుంటే మార్చి రెండో సగం, ఏప్రిల్ మొదటి సగం మంచివి. ఇప్ప పూలు రాలే రోజులు కూడా అవే, ఎలుగుబంట్లు ఆ చెట్ల కిందికి తప్పక వస్తాయి. అయితే అదే కాలం అడవి అంటుకునే కాలం. ఎండ, వడదెబ్బ, నీళ్ల ఖర్చు అన్నీ పెరుగుతాయి. పసిపిల్లలు, వృద్ధులు ఉన్న గుంపు అయితే నేను జనవరి చివరి వారాన్నే ఎంచుకుంటాను.

పంచాంగం కూడా చూడండి. పున్నమికి అటూ ఇటూ మూడు రోజులు వెళ్తే క్యాంపు అంచున కూర్చుని, టార్చి లేకుండానే కదలికలు చూడవచ్చు. అమావాస్యకు వెళ్తే ఆకాశం నిండా చుక్కలు చూస్తారు, జంతువులను మాత్రం చెవులతోనే గుర్తుపట్టాలి. శివరాత్రి, ఉగాది రోజుల్లో శ్రీశైలం దారులన్నీ భక్తులతో నిండి ఉంటాయి. ఆ వారాలు వదిలేయండి.

మూడో అడుగు: ఎక్కడ దిగాలి, అనుమతి ఎలా

పులుల అభయారణ్యంలో మీకు నచ్చిన చోట గుడారం వేయడం నేరం. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అభయారణ్యంలోకి వెళ్లడానికే అనుమతి కావాలి. నిప్పు పెట్టడం, ఆయుధం తీసుకెళ్లడం, జంతువులను రెచ్చగొట్టడం, చెత్త వేయడం అన్నీ ఆ చట్టం కిందే శిక్షార్హం. కాబట్టి అటవీశాఖ నడిపే, లేదా అటవీశాఖ అనుమతితో స్థానిక కమిటీలు నడిపే క్యాంపుల్లోనే దిగండి.

తెలంగాణ వైపు మన్ననూరు అనుకూలం. హైదరాబాద్ నుంచి శ్రీశైలం రహదారిపై సుమారు 140 కిలోమీటర్లు. అక్కడి నుంచి అటవీశాఖ వాహనాల్లో ఫరహాబాద్ వైపు సఫారీ ఉంటుంది. ఆంధ్ర వైపు ఆత్మకూరు–దోర్నాల దారిలోని బైర్లూటి జంగిల్ క్యాంపు, దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో తుమ్మలబైలు సఫారీ ఉన్నాయి. నంద్యాల–గిద్దలూరు దారిలో పచ్చర్ల ఉంది. మొదటిసారి వెళ్లే గుంపుకు బైర్లూటి లాంటి చోటే మంచిదని నా అభిప్రాయం. అడవి క్యాంపు గుమ్మం వరకు వస్తుంది, వాహనం ఎక్కకుండానే ఎంతో చూడవచ్చు.

బుకింగుకు ముందు ఆ క్యాంపుకు ఫోను చేసి నాలుగు విషయాలు అడగండి. సొంత గుడారాలు వేసుకోనిస్తారా, లేక వాళ్ల గుడారాలేనా? వంట వాళ్లదా, మనదా? సఫారీలో ఒక్కో వాహనానికి ఎంతమంది, గైడు ఎవరు? మంచె ఉందా, దాని మీద కూర్చోవడానికి ఎవరి అనుమతి కావాలి? వంట వాళ్లే చేస్తామంటే సంతోషంగా ఒప్పుకోండి. మీ గిన్నెల మోత తగ్గుతుంది, అక్కడి వారికి పని దొరుకుతుంది. అందరి గుర్తింపు కార్డుల నకళ్లు, వాహనాల నంబర్లు ఒకే కాగితం మీద రాసి రెండు ప్రతులు దగ్గర ఉంచుకోండి. చెక్‌పోస్టు దగ్గర పన్నెండు మంది పన్నెండు ఫోన్లు వెతుక్కోవడం కంటే అది ఎంతో నయం.

ఒక్క విషయం అసలు మరిచిపోవద్దు. శ్రీశైలం దారిలో మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 గంటలకు మూసివేసి ఉదయం 6కు తెరుస్తారు. రాత్రిపూట వాహనాల కింద పడి చనిపోయే జంతువులను కాపాడటానికి పెట్టిన నియమం అది. ఆలస్యమైతే గేటు దగ్గర బతిమాలకండి, అక్కడే ఊళ్లో ఆగి పొద్దున వెళ్లండి. నేను గుంపును ఎప్పుడూ మధ్యాహ్నం 3 గంటలకల్లా క్యాంపు చేరేలా బయలుదేరదీస్తాను.

నాలుగో అడుగు: సామాను

బట్టల సంగతి ముందు. ఎండు గడ్డి రంగు, మట్టి రంగు, ముదురు ఆకుపచ్చ తీసుకెళ్లండి. తెలుపు వద్దు, ఎరుపు వద్దు అని అందరూ చెబుతారు. నేను నీలి జీన్స్ కూడా వద్దంటాను. జింక జాతి కళ్లకు ఎరుపు, నారింజ రంగులు సరిగా తెలియవు, నీలం మాత్రం బాగా తెలుస్తుంది. నడిచేటప్పుడు గరగరలాడే జాకెట్లు కూడా ఇంట్లోనే వదిలేయండి. నూలు బట్ట చప్పుడు చేయదు. అత్తరు, సెంటు, వాసన వచ్చే తలనూనె రెండు రోజులు మానేయండి. జంతువుల కోసమే కాదు, తేనెటీగల కోసం కూడా. నల్లమల కొండచరియలకు, పెద్ద చెట్లకు కొండతేనెటీగల పట్లు వేలాడుతుంటాయి. ఘాటైన వాసన, పొగ, కేకలు వాటిని రేపుతాయి.

బూట్లు చీలమండను కప్పేవి కావాలి. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకుంటే పిడుదులు ఎక్కవు.

దుర్భిణి గుంపుకు కనీసం నాలుగు ఉండాలి. 8×42 అని రాసి ఉన్నది తీసుకోండి. ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపిస్తుంది, ముందు కటకం వ్యాసం 42 మిల్లీమీటర్లు కాబట్టి సంధ్యవేళ కూడా వెలుతురు సరిపోతుంది. 20 రెట్లు అని ఆకర్షించేవి కొనకండి, చేతి వణుకు కూడా ఇరవై రెట్లు పెరుగుతుంది. టార్చీలకు ఎర్ర గాజుకాగితం రబ్బరు బ్యాండుతో కట్టండి. ఎర్రటి వెలుతురు జంతువులను తక్కువగా కలవరపెడుతుంది, చీకటికి అలవాటు పడిన మన చూపును కూడా చెడగొట్టదు.

తాగునీరు చలికాలంలో మనిషికి రోజుకు 4 లీటర్లు, ఎండాకాలంలో 6 లీటర్లు లెక్కవేయండి. పన్నెండు మందికి రెండు రోజులకు చలికాలంలోనే దాదాపు 100 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు ఐదు. క్యాంపులో నీళ్లు దొరుకుతాయని చెప్పినా సగం వెంట ఉండాలి. చిన్న నీళ్ల సీసాలు కొనవద్దు, ఎవరి స్టీలు సీసా వారు తెచ్చుకోవాలి. జీడిపప్పు, చిక్కీ, అరటిపండ్లు, ఏవైనా సరే ఇంట్లోనే రేపర్లు తీసేసి డబ్బాల్లో సర్దండి. అడవిలోకి రాని ప్లాస్టిక్‌ను అడవిలో ఏరవలసిన పని లేదు.

ఐదో అడుగు: క్యాంపు చేరగానే

గుడారాలు మీరే వేసుకునే అవకాశం ఉంటే ముందు తల ఎత్తి చూడండి. పైన ఎండిన కొమ్మ గానీ, తేనెపట్టు గానీ ఉండకూడదు. తర్వాత నేల చూడండి. గడ్డి నలిగి సన్నటి బాట ఉంటే అది జంతువుల దారి, దాన్ని వదిలేయండి. వాగు ఇసుక మెత్తగా ఉందని అందులో వేయకండి. పుట్టలకు కనీసం ముప్పై అడుగుల దూరం ఉండాలి. పుట్టలో పాము ఉంటుందన్న భయం సరే, అసలు సంగతి ఎలుగుబంటిది. చెదపురుగుల కోసం అది రాత్రిపూట పుట్టలు తవ్వుతుంది.

ఆ శబ్దం ఒక్కసారి వింటే మరిచిపోలేరు. ముందు గోళ్లతో గట్టి మట్టిని పెళ్లగించే గరగర. కాసేపు నిశ్శబ్దం. తర్వాత బుస్సున ఊది మట్టి ఎగరగొట్టి, వెంటనే గుంజుకుంటున్నట్లు ఒక పీల్పు. దానికి పైదవడ ముందు పళ్లలో నడిమి రెండూ ఉండవు. ఆ సందులోంచి చెదపురుగులను గొట్టంతో లాగినట్లు లాగేస్తుంది, మట్టి పోకుండా ముక్కు రంధ్రాలు మూసుకుంటుంది. నిశ్శబ్దమైన రాత్రి ఆ పీల్పు వంద గజాల దూరానికి కూడా స్పష్టంగా వినిపిస్తుంది. ఒకసారి మా గుంపంతా గుడారాల్లో పడుకుని, ఊపిరి బిగబట్టి, ఇరవై నిమిషాలు అదే విన్నాం. పొద్దున వెళ్లి చూస్తే మూరెడు లోతు గుంత, పక్కనే మన అరికాలు లాంటి అడుగు, దాని ముందు పొడవాటి గోళ్ల గీతలు. ఆ ప్రయాణంలో మేం కళ్లతో చూసిన వాటికంటే అందరూ ఎక్కువగా చెప్పుకునేది ఆ రాత్రి సంగతే.

తిండి గుడారంలో పెట్టకండి, ఒక్క బిస్కట్టు కూడా. తిండికి ఎలుక వస్తుంది, ఎలుక కోసం పాము వస్తుంది. తిండి డబ్బాలన్నీ మూతలు బిగించి వాహనంలో పెట్టి అద్దాలు ఎక్కించండి. కోతులకు ఎవరూ ఏదీ పెట్టకూడదు. ఒకసారి పెడితే ఆ తర్వాత వచ్చే గుంపుల చేతుల్లోంచి లాక్కోవడం నేర్చుకుంటాయి.

చలిమంట వద్దు. ఇది చాలామందికి కష్టంగా ఉంటుందని తెలుసు. చట్టం ఎలాగూ ఒప్పుకోదు, అంతకుమించి అక్కడి ఎండుకట్టె చెత్త కాదు. నంద్యాల–గిద్దలూరు మధ్య అడవిలో మెరిసే నీలం రంగు సాలీడు ఒకటి ఉంది. గుత్తిలో దొరికిన దాన్ని చూసి 1899లో వర్ణించారు కాబట్టి ప్రపంచమంతా దాన్ని గుత్తి పేరుతోనే పిలుస్తుంది. 2001లో మళ్లీ ఈ అడవిలో కనబడే దాకా శాస్త్రజ్ఞులకు దాని జాడే లేదు. అది బతికేది చెట్ల తొర్రల్లో, పగుళ్లలో. మనం మంటకోసం విరిచే మోడు ఎవరి ఇల్లో మనకు తెలియదు. చలికి రగ్గు తెచ్చుకోండి.

మొదటి రాత్రికి ఇంటి నుంచి తెచ్చిన పులిహోర, పెరుగన్నం చాలు. వండుకోవలసివస్తే క్యాంపువారు చూపిన చోట గ్యాస్ పొయ్యి మీద ఉప్మా, కిచిడీ లాంటివి చేసుకోండి. మాంసం వేపుళ్లు, తాలింపు ఘాట్లు ఊళ్లోకి వచ్చాక తినవచ్చు. మద్యం ఏ రూపంలోనూ రాకూడదు.

ఆరో అడుగు: చూడటం

అడవిలో రెండు గంటలు విలువైనవి. తెల్లవారిన మొదటి గంట, పొద్దుగుంకే ముందు గంట. గుంపును 5 గంటలకు లేపండి, 6కు గేటు దగ్గర ఉండండి. ఉదయం టీకోసం అరగంట పోగొట్టుకునే గుంపులను చూస్తే నాకు బాధ కలుగుతుంది.

*సఫారీలో.* వాహనం ఆగాక ఎవరూ నిలబడకూడదు, వేలు చూపకూడదు. "ఎడమ, రెండో మద్దిచెట్టు, మొదట్లో" అని నెమ్మదిగా చెప్పడం అలవాటు చేయండి. గడియారం ముల్లు పద్ధతి ఇంకా సులువు: వాహనం ముందు భాగం 12, కుడిచేయి 3, ఎడమచేయి 9. జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ నియమాల ప్రకారం జంతువుకూ మనకూ మధ్య కనీసం 20 మీటర్లు, వాహనానికీ వాహనానికీ మధ్య 50 మీటర్లు దూరం ఉండాలి. డ్రైవరును ఇంకా దగ్గరికి పోనివ్వమని అడగకండి. మీరు అడిగితే మొహమాటానికి ఆయన పోనిస్తాడు, పోయేది ఆయన ఉద్యోగం.

*మంచె మీద లేదా క్యాంపు అంచున.* నిజంగా చూసేది ఇక్కడే. గాలి ఎటు వీస్తోందో ముందు తెలుసుకోండి. చిటికెడు విబూది వదిలితే చాలు, అది ఎటు పోతే మీ వాసన అటే పోతోంది. నీటి గుంట మీ మీదుగా గాలి వీచే వైపు ఉంటే ఆ పూట అక్కడ కూర్చున్నా లాభం లేదు. కూర్చున్న మొదటి ఇరవై నిమిషాలు ఏమీ జరగదు. మీరు వచ్చిన అలికిడికి అడవి మూసుకుపోయి ఉంటుంది. తర్వాత ఉడత కదులుతుంది, పిట్ట కూస్తుంది, ఆ తర్వాత అడవి మిమ్మల్ని మరిచిపోతుంది. పదో నిమిషంలో "ఇక్కడేం లేదు" అని లేచిపోయేవారు ఆ తలుపు తెరుచుకునే ముందే వెళ్లిపోతారు.

చెవులు పెట్టండి. ఒక సాయంత్రం గుంట దగ్గర పది పన్నెండు చుక్కల దుప్పులు చెట్టు కింద మేస్తున్నాయి. పైన కొండముచ్చులు చిగుళ్లు తెంపి సగం తిని పడేస్తుంటే ఇవి ఏరుకు తింటున్నాయి. ఈ రెంటి స్నేహం నల్లమలలో రోజూ కనిపించేదే. ఉన్నట్టుండి ఒక దుప్పి తల ఎత్తి బిగుసుకుపోయింది. చెవులు ముందుకు తిరిగాయి. తోక నిటారుగా లేచి కింది తెలుపు కనిపించింది. ముందుకాలు ఒకటి ఎత్తి నేలమీద టక్కున కొట్టింది. చెట్టు పైనుంచి పెద్ద కొండముచ్చు "ఖక్... ఖక్" అని దగ్గినట్లు అరిచింది. అన్నీ ఒకేవైపు చూస్తున్నాయి. మేమూ అటే చూశాం. అయిదు నిమిషాలు. పొదల వెనుక ఒక నీడ జరిగింది, చిరుత తోక కొస మాత్రం కనిపించింది, పోయింది. మా పక్కన కూర్చున్న చెంచు వాచరు, అది గుంట చుట్టూ తిరిగి అటువైపు దిగుతుందని చేత్తో గీసి చూపాడు. జంతువులన్నీ ఎటు చూస్తే అటు చూడండి. అడవిలో కళ్లు వాటివి, మనవి అరువు చూపులు.

కణితి (సాంబరు జింక) మామూలుగా కంగారుపడదు. అది "ఢంక్" అని గట్టిగా అరిచి, అరుస్తూనే ఉంటే పులో చిరుతో దగ్గర్లోనే ఉందని నమ్మవచ్చు. తీతువు పిట్ట మాత్రం మనిషిని చూసినా కుక్కను చూసినా ఒకేలా అరుస్తుంది. దాన్ని నమ్ముకుని పరుగెత్తకండి.

*కాలినడకన.* గైడు లేకుండా వంద అడుగులు కూడా వద్దు. ఇక్కడ నియమం కొంచెం మారుతుంది. వాహనంలో, మంచె మీద పూర్తి నిశ్శబ్దం. దట్టమైన పొదల మధ్య నడిచేటప్పుడు మాత్రం గైడు కర్రతో చెట్టును తడతాడు, లేదా చిన్నగా గొంతు సవరించుకుంటాడు. ఎందుకంటే నల్లమలలో నడిచేవారికి అసలు ప్రమాదం పులి కంటే ఎలుగుబంటితోనే. అది తిండి ధ్యాసలో మనల్ని గమనించదు, ఎదురుపడితే భయంతో మీద పడుతుంది. ముందే మన ఉనికి తెలిస్తే పక్కకు తప్పుకుంటుంది. ఏ జంతువు ఎదురైనా పరుగెత్తకండి. అందరూ దగ్గరికి జరిగి, దానివైపే చూస్తూ, పిల్లలను మధ్యలో ఉంచుకుని, అడుగడుగు వెనక్కి వేయండి.

పులి కనిపించకపోవచ్చు. ఇంత పెద్ద, ఇంత దట్టమైన అడవిలో పులులు పలుచగా ఉంటాయి. ఆ మాట గుంపుకు బయలుదేరే ముందే చెప్పేయండి. పులి కోసమే చూసే కళ్లకు కొమ్మ మీద బోర్లా పడుకున్న బెట్లుడుత (పెద్ద అడవి ఉడుత) కనిపించదు, నాలుగు కొమ్ముల కొండగొర్రె కనిపించదు, సంధ్యవేళ వరుసగా పోయే రేచుకుక్కలు ఊరకుక్కల్లా అనిపిస్తాయి.

చెంచువారితో

ఈ అడవి చెంచులది. గైడ్లు, ట్రాకర్లు, వాచర్లలో చాలామంది వాళ్లే. వారి మాట తెలుగే కాబట్టి ఇంకొక అభయారణ్యంలో దొరకని అదృష్టం మనకు ఇక్కడ ఉంది: మధ్యలో ఎవరూ అనువదించనక్కర్లేదు. "అన్నా, ఈ చెట్టును మీరేమంటారు? ఈ అడుగు ఎప్పటిది?" అని అడగండి. అడుగు అంచు పదునుగా ఉందా, దానిమీద చీమల బాట పడిందా, రాత్రి మంచుచుక్కలు దానిమీద పడ్డాయా అనేవి చూసి వేళ చెబుతారు. పెంటల్లోకి (చెంచుల ఆవాసాలను అలాగే అంటారు), గూడేల్లోకి పిలవకుండా వెళ్లకండి. ఫొటో తీసేముందు అడగండి. పిల్లలకు మిఠాయిలు పంచకండి. ఏదైనా ఇవ్వాలనిపిస్తే గైడుకు ఆయన కూలి పైన కొంత గౌరవంగా చేతిలో పెట్టండి. తేనె కొనాలనుకుంటే గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో కొనండి.

ఏడో అడుగు: ఆపద వస్తే

ఫోను సిగ్నళ్లు చాలాచోట్ల అందవు. కాబట్టి ఏ ఆసుపత్రికి వెళ్లాలో ముందే తేల్చుకోండి. మన్ననూరు నుంచి అచ్చంపేట, బైర్లూటి నుంచి ఆత్మకూరు. వెళ్లేముందు ఫోను చేసి పాముకాటు విరుగుడు మందు ఉందో లేదో అడిగి రాసుకోండి. ఒక వాహనం ఎప్పుడూ రోడ్డువైపు ముఖం పెట్టి నిలపండి, దాని తాళం ఎక్కడుందో అందరికీ తెలియాలి.

పాము కరిస్తే కదలికే మొదటి శత్రువు. కరిచిన చేయి లేదా కాలు కదలకుండా కర్ర కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకెళ్లండి. ఉంగరాలు, గాజులు, పట్టీలు తీసేయండి. తాడు బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం ఏవీ చేయకండి. పామును చంపి తీసుకెళ్లే పని లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ మన దేశంలో వాడేది ఒకే మందు. కాటు పడిన సమయం మాత్రం రాసుకోండి. 108కు ఫోను చేయండి, సిగ్నల్ లేకపోతే ఎదురుచూడకుండా బయలుదేరండి. కట్లపాము రాత్రిపూట నేలమీద పడుకున్నవారిని కరుస్తుంది, నొప్పి కూడా పెద్దగా తెలియదు. పొద్దున్నే కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం కనిపిస్తే గాయం లేకపోయినా ఆసుపత్రికే. అందుకే గుడారం జిప్పు ఎప్పుడూ మూసి ఉండాలి, ఆరుబయట చాప వేసుకుని పడుకోకూడదు. బూట్లు వేసుకునే ముందు ప్రతిసారీ బోర్లించి దులపండి. రాత్రి మరుగుదొడ్డికి ఇద్దరిద్దరుగా, టార్చితో వెళ్లండి.

మందుల పెట్టెలో ఓఆర్‌ఎస్ పొట్లాలు పాతిక, జ్వరం మాత్రలు, దద్దుర్లకు మాత్రలు, కట్టుబట్ట, పట్టకారు, దోమల లేపనం ఉండాలి. తేనెటీగలు లేస్తే నేలమీద పడుకోకుండా, తల, ముఖం కప్పుకుని వాహనంలోకి పరుగెత్తండి. అడవిలో పరుగెత్తవలసిన ఒకే ఒక్క సందర్భం ఇది.

తిరిగి వచ్చేటప్పుడు, వచ్చాక

బయలుదేరే ముందు పన్నెండు మందీ చేతులు పట్టుకునేంత దూరంలో వరుసగా నిలబడి క్యాంపు స్థలమంతా ఒకసారి నడవండి. సీసా మూత, జుట్టు రబ్బరు, అగ్గిపుల్ల, అరటి తొక్క కూడా ఏరండి. తొక్క మట్టిలో కలిసిపోతుందని వదిలేస్తే ఈలోపు కోతి దాన్ని తింటుంది. సంచులన్నీ ఊరికి తెచ్చి పారేయండి.

చూసినవన్నీ ఒక నోటుపుస్తకంలో రాయండి: తేదీ, వేళ, చోటు, జంతువు, ఎన్ని, ఏం చేస్తోంది. పిట్టల జాబితా ఈబర్డ్ వెబ్‌సైటులో, మిగిలినవి ఐనాచురలిస్ట్ వెబ్‌సైటులో పెడితే పరిశోధకులకు పనికొస్తాయి. ఫొటోలు పంచుకునేటప్పుడు స్థలం వివరాలు తీసేయండి. ఆ నీలి సాలీడును పెంపుడు జంతువుల వ్యాపారం కోసం దొంగతనంగా పట్టుకుపోయేవారున్నారు, అలుగును (పాంగోలిన్‌ను) పొలుసుల కోసం చంపేవారున్నారు. ఉచ్చు, తెగిన తీగ, అనుమానాస్పదమైన మంట ఏదైనా కనిపించి ఉంటే బీటు ఆఫీసరుకు చెప్పే రండి.

తిరిగి వచ్చిన మూడు వారాల లోపు గుంపులో ఎవరికైనా జ్వరం వస్తే మామూలు జ్వరమని ఊరుకోవద్దు. డాక్టరుతో "అడవికి వెళ్లి వచ్చాం" అని మొదటి మాటే చెప్పమనండి. మలేరియా, స్క్రబ్ టైఫస్ (పొదల్లోని సన్నటి పురుగులు కుడితే వచ్చే జ్వరం) పరీక్షలు చేయించాలన్న ఆలోచన ఆయనకు ఆ మాటతోనే వస్తుంది. స్క్రబ్ టైఫస్‌లో చంకలోనో, నడుము దగ్గరో సిగరెట్టు కాల్చినట్లు నల్లటి చిన్న పుండు ఉండవచ్చు, దాన్ని వెతకమనండి. గుడారాలు ఎండలో పూర్తిగా ఆరాకే మడవండి, కుట్ల దగ్గర వేలుపెట్టి తడి చూడండి.